చదివింపుల దగ్గర ఆగిన మైకు

గురజాల తాలూకాలో పెళ్ళికి మొట్టమొదట మైకు కట్టిన మనిషి గులాం మొహిద్దీన్. కాదనేవాళ్ళు మాచర్లలో ఒకరిద్దరు లేకపోలేదు. వాళ్ళు చెప్పేది నాటకానికి కట్టిన మైకు, అదీ గుంటూరు నుంచి అద్దెకు తెచ్చింది. సొంత డబ్బుతో సెట్టు కొని, ఎద్దులబండి మీద ఊరూరా తిప్పి, బ్యాటరీ మీద పాట వినిపించినవాడు మాత్రం మొహిద్దీనే. ఆ తర్వాత ఆయన కట్టిన పెళ్ళిళ్ళు, సువార్త కూటాలు, ఉరుసులు, ఎలక్షన్ మీటింగులు రాయాలంటే ఈ కాగితాలు చాలవు. సాగర్ డ్యాం పనివాళ్ళ పాకల్లో ఈయన మైకే. కోటప్పకొండ తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లల్ని తల్లుల దగ్గరికి చేర్చిందీ ఈయన మైకే.

అంతకుముందు ఆయన పెట్రోమాక్సు లైట్లు అద్దెకిచ్చేవాడు. నాలుగు లైట్లుండేవి. కారెంపూడి తిరునాళ్ళలో ఆ నాలుగూ వెలిగిస్తే కింద పడిన సూది కూడా కనపడేదని పేరు. సన్నటి మనిషి, భుజాన మసి తుడిచే ఎర్ర తువ్వాలు, నోట్లో ఎప్పుడూ ఒక వక్క పలుకు. గట్టిగా మాట్లాడేవాడు కాదు. అలాంటి మనిషి ఊరంతటికీ వినపడే వ్యాపారంలోకి దిగాడు.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మైకు కొనాలన్న కోరిక పుట్టింది. లైట్లకని వచ్చినవాళ్ళు, "మైకు లేదా సాయిబూ?" అని అడిగి పోతున్నారు. బండి తోలే అంతోనిని వెంటబెట్టుకుని నరసరావుపేటలో ధనుంజయరావు గారి రేడియో షాపుకి పోయాడు. ధనుంజయరావు బల్ల మీద రెండు సెట్లు పక్కపక్కన పెట్టాడు. ఒకటి కంపెనీది, ఐదొందల పాతిక. రెండోది ఆయనే వాల్వులు, ట్రాన్స్ఫార్మరు కొని తెచ్చి రేకుపెట్టెలో బిగించింది, రెండొందల నలభై.

"లోపల వాల్వులు అవేనయ్యా. పెట్టె మీద పేరు లేదు, అంతే తేడా," అన్నాడు ధనుంజయరావు.

"మరి అంత తేడా ఎందుకుంటది?"

"ట్రాన్స్ఫార్మరు దగ్గర. వాళ్ళది వేడిని తట్టుకుంటది. మనదాన్ని రెండు గంటలకోసారి ఆపి చల్లారనియ్యాలి. ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే దీనికేం రోగం రాదు."

రెండిట్లోనూ ఒకే పాట వేసి వినిపించాడు. మొహిద్దీన్ షాపులో నిలబడ్డాడు. అంతోని రోడ్డెమ్మటి నడుచుకుంటూ పోయి, ఎందాకా వినపడుతుందో చూసి వచ్చాడు.

"రేకుపెట్టెదే గొంతెక్కువ మావా. కంపెనీది మెత్తగా పాడతంది," అన్నాడు.

మొహిద్దీన్‌కి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. కంపెనీది కొనాలంటే నాలుగు లైట్లూ అమ్మాలి. భార్య రబియా అందుకు ఒప్పుకోలేదు.

"మైకు ఆడితే ఆడుద్ది, లేకపోతే మూగపోద్ది. లైట్లు మనకి ఇన్నాళ్ళూ కూడు పెట్టాయి. అవి ఇంట్లో ఉంటే నాకు భయం లేదు," అంది.

ఆమె మాటలో తప్పు లేదు. రేకుపెట్టె కొన్నాడు.

ఆ సెట్టు నాలుగైదు పెళ్ళిళ్ళలో బాగానే పాడింది. అవన్నీ చిన్న పెళ్ళిళ్ళు. ఆ తర్వాత రేగులవరం సాంబశివరావు గారి కూతురి పెళ్ళి వచ్చింది.

రేగులవరం అంటే రెండు బజార్లు. తూర్పు బజారు సాంబశివరావు పార్టీ, పడమర బజారు గోపాలకృష్ణయ్య పార్టీ. ఆ బజారు బర్రె ఈ బజారు కుడితి తాగితే పంచాయితీ పెట్టుకునే ఊరు. అక్కడ పెళ్ళికి మైకు పాటల కోసం కాదు, చదివింపుల కోసం. ఏ ఊరి చుట్టం ఎంత చదివించాడో ఎదుటి పార్టీ ఇళ్ళల్లో కూర్చుని వినాలి. అందుకే మొహిద్దీన్ బండి దిగీ దిగకముందే సాంబశివరావు చెప్పాడు: "ఒక బాకా పందిట్లోకి పెట్టు. రెండోది పడమటికి తిప్పు. బాగా ఎత్తుమీద కట్టు."

తెల్లవారకముందు నుంచీ పాటలే. పొద్దున తొమ్మిదింటికి ముహూర్తం. రెండు గంటలకోసారి ఆపుదామని మొహిద్దీన్ చెయ్యి పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు కసిరారు. "పెళ్ళింట్లో మైకు ఆపుతావేందయ్యా, ఎవరైనా పోయారనుకుంటారు." తలంబ్రాలయ్యాయి. చదివింపులు మొదలయ్యాయి. కరణం గొంతు సవరించుకుని చిన్నవాళ్ళవి ముందు చదివాడు. పెద్ద పేర్లు చివరన ఉన్నాయి, సాంబశివరావు గారి వియ్యాలవారివి, వినుకొండ చుట్టాలవి. సరిగ్గా అక్కడికొచ్చేసరికి రేకుపెట్టెలోంచి మైనం కాలిన వాసన వచ్చింది. బాకా ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది.

కరణం నోరు కదులుతోంది, పందిరి దాటి ఒక్క ముక్క పోవడం లేదు. పడమర బజారులో ఎవరో ఈల వేశారు.

సాంబశివరావు మనుషులు మొహిద్దీన్ చుట్టూ మూగారు.

"ఎంత తిన్నావురా వాళ్ళ దగ్గర?"

"అల్లా తోడు, పైసా తినలా. ట్రాన్స్ఫార్మరు కాలింది. కావాలంటే వాసన చూడండి."

సాంబశివరావు నిజంగానే వంగి వాసన చూశాడు. ఆయన తొందరపడే మనిషి కాదు. "కాలిన మాట నిజమే. కాలిందా, కాల్చావా?" అన్నాడు.

మొహిద్దీన్ పెట్టె మూత బిగించాడు. సాంబశివరావే మళ్ళీ అన్నాడు:

"ఇంకో ఇరవై రోజుల్లో గోపాలకృష్ణయ్య ఇంట్లో పెళ్ళి. నువ్వు తాంబూలం పుచ్చుకున్నావని విన్నా. అక్కడ కూడా చదివింపుల దగ్గర ఇట్లాగే ఆగితే నీ పెట్టె చెడ్డదని ఒప్పుకుంటా. ఆగలేదనుకో, చెడ్డవాడివి నువ్వు. ఇక పో."

బండి పడమర బజారు మీదగానే పోవాలి. అక్కడ గోపాలకృష్ణయ్య స్వయంగా బండికి ఎదురొచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, చెంబునిండా మజ్జిగ ఇప్పించాడు.

"నేను అడక్కుండానే చేశావే సాయిబూ. మంచి మనసు నీది."

"నేనేం చెయ్యలేదు మామయ్యా. సెట్టు కాలిపోయింది."

"సరేలే, నాకు తెలుసులే," అని గోపాలకృష్ణయ్య కన్ను గీటాడు. "మన ఇంట్లో మాత్రం ఆగకూడదు. ఆగితే ఈ ఊరి పొలిమేర మర్చిపోవాల్సిందే."

మొహిద్దీన్ మజ్జిగ చెంబు అరుగు మీద పెట్టి లేచాడు. అవతలివాళ్ళు తిట్టిన తిట్టు కంటే ఇవతలివాళ్ళు మెచ్చుకున్న మెప్పు ఎక్కువ గుచ్చుకుంది. ఊరు దాటాక అంతోని నోరు విప్పాడు.

"మావా, ఇంత ఆలోచన దేనికి? అక్కడా ఆపెయ్. ఇద్దరికీ లెక్క సరిపోద్ది."

"ఆపి? ఆగిపోయే మైకువాడని పేరు తెచ్చుకుని ఏం తింటా? నీ ఎద్దుల్ని తింటానా?"

"అయితే ఆపకు. సాంబశివరావు మనుషులు నిన్ను తింటారు."

"నోరు మూసుకుని తోలు."

ఇందులో ఉన్న కష్టం అంతోని సరదాగా చెప్పాడు గానీ నిజం అదే. సెట్టు ఆగితే పడమర బజారు పోతుంది, పాడితే తూర్పు బజారు పోతుంది. రేగులవరం ఒక్కటైతే పర్వాలేదు. ఆ రెండు పార్టీలకీ చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ చుట్టాలున్నారు. అమ్ముడుపోయిన మైకువాడన్న మాట పుడితే మాచర్ల నుంచి పిడుగురాళ్ళ దాకా ఎవరూ పిలవరు.

మళ్ళీ నరసరావుపేట పోయాడు. ధనుంజయరావు పెట్టె విప్పి చూసి తల పట్టుకున్నాడు.

"చల్లారనియ్యమన్నానా, లేదా?"

"అన్నారండీ. పల్నాడు పెళ్ళిలో ఎవరు చల్లారనిస్తారు?"

"నిజమే. నేను షాపులో కూర్చుని చెప్పాను," అని ధనుంజయరావు నవ్వేశాడు. మంచివాడే. "ముప్పై రూపాయలివ్వు, ట్రాన్స్ఫార్మరుకి రాగితీగ కొత్తగా చుట్టించి ఇస్తా. లేదంటావా, దీన్ని సగం ధరకి వెనక్కి తీసుకుని కంపెనీది ఇస్తా. ఇంటికి పోయి ఆలోచించుకో."

రబియా మిషను మీద రవికె కుడుతోంది. అంతా విని మిషను ఆపింది.

"బాగుచేసిన పెట్టె ఆ పెళ్ళిలో ఆగదని నమ్మకమేనా?"

"ఆగొచ్చు, ఆగకపోవచ్చు."

"ఆగుద్దో ఆగదో నీకే తెలియని దాన్ని పట్టుకుని ఆ ఊళ్ళో ఎట్లా అడుగుపెడతావు? ఆగనిది కొను."

"ఆగకపోతే సాంబశివరావు..."

"ఆయన సంగతి ఆయనతో మాట్లాడుకో. ఆయనతో మాట్లాడటానికి నోరుంది. పెట్టెతో మాట్లాడలేవుగా."

"లైట్లు అమ్మాలి మరి."

ఆమె లేచి, మూల ఉన్న నాలుగు లైట్ల మీద దుప్పటి తీసి, వాటి గాజులు తుడవడం మొదలుపెట్టింది. "మసిగా ఉంటే ధర రాదు," అంది.

లైట్లు పిడుగురాళ్ళ సున్నపుబట్టీల మేస్త్రీ కొన్నాడు. కంపెనీ సెట్టు ఇంటికి వచ్చింది. ఈసారి మొహిద్దీన్ ఎంత దూరం వినపడుతుందని చూడలేదు. బ్యాటరీ కట్టి, పొద్దున్నించీ సాయంత్రం దాకా రికార్డు మీద రికార్డు వేస్తూ పెట్టె మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. బజారులో వాళ్ళు, "సాయిబు ఇంట్లో పెళ్ళేంది?" అని అడిగి పోయారు. పెట్టె జ్వరం వచ్చిన పిల్లాడి ఒంటిలా వెచ్చబడింది గానీ అంతకు మించలేదు.

అప్పుడు సాంబశివరావు ఇంటికి ఒక్కడే పోయాడు.

"బాబాయ్ గారూ, పదహారు రోజుల పండక్కి అమ్మాయీ అల్లుడూ వస్తారుగదా. ఆ రోజు మైకు నేను కడతా. అద్దె వద్దు. చదివింపులు మొదటి నుంచీ చదివించండి."

సాంబశివరావు చుట్ట పక్కన పెట్టాడు. "కొత్త సెట్టు తెచ్చావంట."

"తెచ్చానండీ."

"అంటే గోపాలకృష్ణయ్య ఇంట్లో ఆగదన్నమాట."

"ఆగదండీ. ఆగకూడదనే కొన్నా. మీ ఇంట్లోనూ ఆగదు. ఆ రోజు ఆగింది చవకరకం గనక. నేను వాళ్ళ దగ్గర తిని ఉంటే నా లైట్లెందుకు అమ్ముకుంటా?"

"లైట్లమ్మావా?"

"నాలుగూ."

"ఎవరికి?"

చెప్పాడు. సాంబశివరావు పొమ్మని చెయ్యి ఊపాడు. మర్నాడు పిడుగురాళ్ళకి మనిషిని పంపి, బట్టీల దగ్గర ఆ లైట్లు ఉన్నాయో లేవో చూసి రమ్మన్నాడు. పల్నాటి పెద్దమనిషి ఊరికే నమ్మడు. ఆ మనిషి తిరిగొచ్చి, "నాలుగూ అక్కడే ఉన్నాయి. గాజులు తళతళలాడతన్నాయి," అన్నాక, మైకు కట్టమని మొహిద్దీన్‌కి కబురు వచ్చింది.

పదహారు రోజుల పండగ నాడు కరణం మొదటి పేరు నుంచీ చదివాడు. పెద్ద పేర్లు వచ్చాయి, వెళ్ళాయి. ప్రతి అంకె పడమర బజారు గోడలకి తగిలి మళ్ళీ వినపడింది. తన చిన్న చదివింపు రెండోసారి వినలేక ఒక చుట్టం లేచి, ఇంకో యాభై కలిపి రాయమన్నాడు. మొహిద్దీన్ అన్నానికి లేవలేదు. అరచెయ్యి పెట్టె మీదే ఉంది.

ఆ సాయంత్రమే గోపాలకృష్ణయ్య పిలిపించాడు. ఈసారి మజ్జిగ లేదు.

"కొత్త సెట్టు ముందు వాళ్ళింట్లో కట్టావా? మా పెళ్ళికి ఎంగిలి సెట్టు తెస్తావేందిరా?"

"మామయ్యా..."

"ఎంతసేపు పాడింది?"

"పొద్దున్నుంచీ సందెదాకా."

"మధ్యలో ఆగలా?"

"ఆగలా."

గోపాలకృష్ణయ్య మీసం తడుముకున్నాడు. "అయితే పరీక్ష వాళ్ళింట్లో అయిపోయిందన్నమాట. మంచిదే, తీసుకురా." తర్వాత కొంచెం చిన్నబుచ్చుకున్న గొంతుతో అడిగాడు. "మరి మొన్నటిది నిజంగానే కాలిందా?"

"నిజంగానే కాలింది."

"నాకోసం చెయ్యలేదా?"

"లేదు మామయ్యా."

"సరే. ఆ రోజు మజ్జిగ అనవసరంగా పోయించా."

గోపాలకృష్ణయ్య ఇంట్లో పెళ్ళి పెద్దగానే జరిగింది. ఒక బాకా పందిట్లోకి, రెండోది తూర్పుకి. తూర్పు బజారులో సాంబశివరావు తన అరుగు మీద పడక్కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆయన మనుషులు చుట్టూ నిలబడ్డారు. ఇంత దూరం నుంచే మొహిద్దీన్‌కి ఆ కుర్చీ కనపడుతోంది. లైట్ల మాట సాంబశివరావు నమ్మాడో, తన ఇంట్లో శుభకార్యం గడిచేదాకా ఊరుకున్నాడో ఎవరికి తెలుసు? పెట్టె మాత్రం చల్లగా పని చేసుకుపోతోంది. పేరు తర్వాత పేరు చదువుతున్నారు. ఒక్క అక్షరం తెగలేదు.

చివరి పేరు చదవడం అయ్యేసరికి తూర్పు బజారు నుంచి ఒక మనిషి నడిచి వస్తున్నాడు. సాంబశివరావు మనిషి.  గోపాలకృష్ణయ్య కొడుకులు ఇద్దరు లేచి నిలబడ్డారు. ఆ మనిషి ఎవరివంకా చూడకుండా నేరుగా మొహిద్దీన్ దగ్గరికొచ్చి ఆగాడు. మొహిద్దీన్ నోట్లో వక్క పలుకు అక్కడే ఆగిపోయింది.

"ఏమయ్యా సాయిబూ, పెళ్ళికొడుకు మేనమామ పేరు దగ్గర గాలి అడ్డమొచ్చిందంట. నూటపదహారా, రెండొందల పదహారా కనుక్కు రమ్మన్నాడు పెద్దాయన."

పందిట్లో ఎవరూ నవ్వడానికి సాహసించలేదు. అందరి చూపూ గోపాలకృష్ణయ్య మీదే. ఆయన గర్వంగా గొంతు సవరించుకున్నాడు.

"మళ్ళీ చదవమను. నింపాదిగా చదవమను."

మొహిద్దీన్ నిచ్చెనెక్కి, రెండో బాకాని సాంబశివరావు అరుగు వైపు ఇంకాస్త తిప్పి కట్టాడు.