నేను తర్జుమా చేయని మాటలు

ఆమెది మిజోరం. మా ఆఫీసులో టెస్టింగ్ టీములో నా పక్క సీటు. హైటెక్ సిటీలోని ఆ ఆరో అంతస్తులో మూడేళ్లు పక్కపక్కనే కూర్చున్నాం, ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నాం. ఆమె వెళ్లిపోయి రెండేళ్లు దాటింది. ఇప్పటికీ మధ్యాహ్నం ఒంటిగంట కాగానే కుర్చీ పక్కకి తిప్పి "పద" అనబోయి ఆగిపోతుంటాను.

కొండాపూర్‌లో ఆమె ఉంటున్న లేడీస్ హాస్టల్ మూసేస్తున్నారని ఒక వేసవిలో తెలిసింది. నెల రోజుల్లో ఖాళీ చేయాలి. మళ్లీ హాస్టల్ వద్దనీ, సొంతంగా వండుకోవడానికి చిన్న ఇల్లు కావాలనీ అంది. "నీకెందుకు దిగులు, నేనొస్తాను. నాకు తెలుగు వచ్చు కదా" అన్నాను. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులో. ఆమెకి తెలుగు రాదనే నేను అనుకునేదాన్ని.

శని, ఆదివారాలు నా స్కూటీ మీద తిరిగాం. టు-లెట్ బోర్డు కనపడిన చోటల్లా ఆగేవాళ్లం. ఇంటివాళ్లు ముందు నాతో మాట్లాడేవారు. ఒక పెద్దాయన నన్ను సోఫాలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. కృష్ణా జిల్లా అన్నాను. "మీరేమిట్లు?" అన్నాడు. కులం చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. ఆ ప్రశ్నకి ఎప్పుడూ తడుముకోకుండానే జవాబు చెబుతూ వచ్చాను. నా జవాబు విని ఎవరి ముఖమూ ముడుచుకోలేదు కనుక, అదొక ప్రశ్న అని కూడా నాకు తోచలేదు.

ఇల్లు నాకు కాదు, గుమ్మం దగ్గర నిలబడిన స్నేహితురాలికి అని చెప్పాక ఆయన గొంతు తగ్గించాడు.

"ఆ చప్పిడిముక్కు వాళ్లకి ఇవ్వమమ్మా. ఏవేవో వండుతారు, ఇల్లంతా కంపు. ఎవరెవరో వచ్చి పోతుంటారు. నీకైతే చెప్పు, ఇవాళే తాళాలిస్తాను."

నేను లేచి బయటికొచ్చాను. "ఏమన్నాడు?" అని అడిగింది. "నిన్ననే ఎవరికో ఇచ్చేశారట" అన్నాను.

అలా పదకొండు ఇళ్లు. ఒక్కో చోట ఒక్కో అబద్ధం. వాళ్ల కొడుకు వస్తున్నాడట, రిపేర్లున్నాయట, కుటుంబాలకే ఇస్తారట. ఆమె మనసు నొచ్చుకోకుండా కాపాడుతున్నానని నా నమ్మకం. తిరిగొచ్చేటప్పుడు ఓదార్పుగా నా కథ చెప్పేదాన్ని. పని మీద ఆరు నెలలు పరాయి దేశంలో ఉన్నప్పుడు, నా టిఫిన్ డబ్బా తెరవగానే ఒకావిడ ముక్కు మూసుకుని లేచి వెళ్లిపోయింది. ఆ రోజు బాత్‌రూములోకి వెళ్లి ఏడ్చాను. "పరాయిచోట ఎలా ఉంటుందో నాక్కూడా తెలుసు" అనేదాన్ని. ఆమె వెనక కూర్చుని ఊ కొట్టేది.

అంతలో ఆఫీసులో ఒక సభ పెట్టారు. రంగు, రూపు, ప్రాంతం వల్ల ఎదురయ్యే వివక్ష గురించి ఎవరైనా మాట్లాడవచ్చన్నారు. నేను లేచాను. నా స్నేహితురాలి కోసం ఎండలో పదకొండు ఇళ్లు తిరిగానని, మన ఊళ్లో కూడా ఇలా ఉందంటే సిగ్గేసిందని, టిఫిన్ డబ్బా సంగతితో కలిపి చెప్పాను. ఆమెకి చెప్పిన అబద్ధాలు ఆ క్షణాన గుర్తే రాలేదు. చప్పట్లు కొట్టారు. మూడో వరుసలో ఆమె తల వంచుకుని కూర్చుంది. సంతోషంతో కళ్లు తడిశాయేమో అనుకున్నాను.

సభ అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపింది. అప్పుడు మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది.

"గా ముసలాయన ఏమన్నడో నాకు తెల్సు. చప్పిడిముక్కోళ్లకి ఇయ్యం అన్నడు. అన్ని ఇండ్లల్ల ఏమన్నరో నాకు తెల్సు."

మా అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే అక్క ఉండేది, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన మనిషి. నా స్నేహితురాలు రోజూ పొద్దున పాంట్రీలో టీ తాగుతూ ఆ అక్క దగ్గర తెలుగు నేర్చుకుందట. అప్పటికి రెండేళ్లుగా పక్కనే ఉన్నా ఆ సంగతి నాకు తెలియదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు అడగలే" అంది. తర్వాత ఇంగ్లీషులోకి మారింది. "నీ డబ్బా కథ నిజమే, నీ ఏడుపూ నిజమే. కానీ నువ్వు ఆరు నెలలకి ఇంటికొచ్చేశావు. నేను ఎక్కడికి పోవాలి? ఇది నా దేశమే కదా. ఇవాళ అక్కడ నన్ను అడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని."

మెట్లు దిగబోతూ మామూలుగా అడిగింది. "మీ పిన్ని వాళ్ల పైవాటా ఖాళీ అయిందన్నావు కదా, ఎవరైనా వచ్చారా?"

రాలేదు. కొండాపూర్‌లో నేనుండేది పిన్ని ఇంట్లోనే. పైవాటా రెండు నెలలుగా ఖాళీగా ఉంది. ఊరంతా తిరిగినదాన్ని, మా ఇంటి మెట్లెక్కి ఆ మాట అడగలేదు. గుర్తు రాలేదని చెప్పుకోవచ్చు కానీ రోజూ గుర్తొచ్చేది. పిన్ని ఏమంటుందో ఊహించుకుని, ఆ మాట నా వాళ్ల నోట వినడం ఇష్టం లేక, పరాయివాళ్ల తలుపులు తడుతూ వచ్చాను.

ఆ సాయంత్రం అడిగాను. పిన్ని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"పిల్ల మంచిదేనే, కాదనను. కానీ పైన పంది మాంసం వండితే కింద నేను దీపం ఎలా పెట్టుకోను? అవేవీ వండనంటే ఇద్దాం."

"నువ్వు ఎండు రొయ్యలు వేయించిన రోజు వీధంతా వాసన రాదా పిన్నీ?"

"అది మనది కదే" అంది, తప్పేముందన్నట్టు చూసి.

రాత్రంతా ఆ మాటని ఎలా మెత్తబరచాలా అని ఆలోచించాను. పొద్దున పాంట్రీలో, అక్క కూడా ఉండగానే, పిన్ని అన్నది అన్నట్టుగా తెలుగులో చెప్పేశాను. దీపం సంగతీ, రొయ్యల సంగతీ, అన్నీ. ఇన్నాళ్లూ అడగనిది భయపడేనని కూడా చెప్పాను. ఆమె టీ కప్పు పెదాల దగ్గరే ఉంచుకుని వింది. మెల్లగా నవ్వింది.

"ఇప్పుడు మంచిగ చెప్పినవ్. వండుకోనీకి కాకుంటే నాకు ఇల్లెందుకు?"

అక్క కప్పులు కడుగుతూ అందుకుంది. "ఫికర్ చెయ్యకు బిడ్డా. గోపన్‌పల్లిల మా ఆడబిడ్డ ఇంటి మీద అర్ర ఉన్నది. ఏం వండుకుంటే ఏంది, జర రేకుల కప్పు, ఎండకాలం కాలుతది, గంతే."

ఆ గదిలోకే మారింది. వారం తర్వాత ఆదివారం నన్ను భోజనానికి పిలిచింది. పులియబెట్టిన సోయా గింజలతో ఆకుకూర ఉడికించింది. దాని ఘాటు నాకు గొంతు దిగలేదు. ఇంతకు ముందైతే "ఎంత బాగుందో" అని తెగ మెచ్చుకునేదాన్ని. "ఈ వాసన నాకు కొత్త, కొంచెమే పెట్టు" అన్నాను. గరిటెడు పెట్టి, మిగతా అన్నంలోకి నా కోసం కోడిగుడ్డు వేయించింది. తింటూ చాలా చెప్పింది. బస్సులో వెనకనుంచి వినపడే పిలుపులు, ఆటో ఆయన పాస్‌పోర్టు ఉందా అని అడగడం, స్కూల్లో తాను ఎంత బాగా పాడేదో. మధ్యలో చాలాసార్లు "నాక్కూడా" అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆపుకుంటే ఆమె ఇంకా చెప్పింది.

దాదాపు ఏడాది పాటు ఆదివారాలు అలా గడిచాయి. నా జీవితంలో అంత తక్కువ మాట్లాడి అంత తృప్తిగా ఇంటికొచ్చిన రోజులు లేవు. మంచి స్నేహం అప్పుడే మొదలైంది. అప్పుడే ఆమెకి గువాహటిలో, తన సొంత అక్కవాళ్లకి దగ్గరగా, ఉద్యోగం వచ్చింది. ఆఫీసు ఎదురుగా ఎయిర్‌పోర్టు బస్సెక్కింది. హౌస్‌కీపింగ్ అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంటూ "మళ్ల వస్తవా?" అని అడిగింది. "వస్త" అంది. ఇంతవరకూ రాలేదు.

అప్పుడప్పుడూ ఫోన్లో తెలుగులో మాట రికార్డు చేసి పంపిస్తుంది. తెలుగు మరిచిపోతోంది, ఒక మాట కోసం ఆగి వెతుక్కోవడం వినపడుతుంది. పోయిన నెల అడిగాను, మీ భాషలో "అన్నం తిన్నావా" అని ఎలా అంటారని. చెప్పింది. తప్పుగా పలికితే పకపకా నవ్వి మళ్లీ చెప్పింది. పక్క కుర్చీలో ఉన్న మూడేళ్లలో, రోజూ ఒంటిగంటకి అడగాల్సిన మాట అది. ఇప్పుడు వంటింట్లో ఒక్కదాన్నే పలికి చూసుకుంటుంటాను. ఇంకా సరిగ్గా రావడం లేదు.