చొక్కా జేబులో పంచదార

సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా పని తప్పులు పట్టడం. ఎవరో రాసిన ప్రోగ్రాము బాగా నడుస్తోందంటే నమ్మకుండా, ఎక్కడ చతికిలబడుతుందో వెతకాలి. పన్నెండేళ్లుగా అదే చేసి చేసి మనుషుల మీద కూడా నమ్మకం పోయింది. ఆ గుణాన్ని హైటెక్ సిటీలోనే వదిలేసి హఫీజ్‌పేట్‌లో ఇల్లు చేరాలని చాలాసార్లు అనుకున్నాను. నా వల్ల కాలేదు.

అమ్మ పోయాక నాన్న కాకినాడ నుంచి మా ఇంటికి వచ్చేశారు. పదిహేనేళ్లుగా షుగరున్న మనిషి. రెండు పూటలా తెల్లన్నం, చివర్లో పెరుగన్నంలోకి అరటిపండు. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఒక ఆదివారం కూర్చుని వారం మొత్తానికీ పట్టిక వేశాను. పొద్దున ఒక్క పెసరట్టు, మధ్యాహ్నం చిన్న కప్పుడు కొర్రన్నం, గిన్నెడు ఆకుకూర, రాత్రికి ఉడికించిన కూరముక్కలు, మజ్జిగ. అరటిపండు ఊసే లేదు. ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివి, బాగుందమ్మా అన్నారు. తిండి విషయంలో అమ్మను నలభై ఏళ్లు ఏడిపించిన మనిషి అంత సులువుగా ఒప్పుకునేసరికి నాకు అనుమానం మొదలైంది.

రోజూ పరగడుపున ఆయన వేలు గుచ్చి షుగరు చూసేదాన్ని. అంకెలు చక్కగా దిగివచ్చాయి. నేను గర్వపడ్డాను, ఆఫీసులో చెప్పుకున్నాను కూడా. కానీ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన సోఫాలో వాడిపోయి ఉండేవారు. ఏమిటంటే ఎండ అనేవారు. డిసెంబరులో ఎండేమిటి?

తర్వాత పంచదార డబ్బా తేలికైంది. మా ఇంట్లో పంచదార వాడేది మా ఆయన ఒక్కరే, అదీ పొద్దున కాఫీలో చెంచాడు. డబ్బా మీద మార్కర్‌తో సన్నగా గీత పెట్టాను. నాలుగు రోజులకే పంచదార గీతకు వేలెడు కిందికి దిగింది. మా ఆయన్ని నిలదీస్తే, నన్ను కూడా టెస్టింగులో పెట్టావా అని నవ్వారు. ఆ వారమే కొక్కేనికి తగిలించిన నాన్న చొక్కా మీదికి చీమలు బారు కట్టాయి. జేబులో చేయి పెడితే మడతపెట్టిన కాగితం పొట్లం, అందులో పంచదార.

నాకు ఒళ్లు మండిపోయింది. నా ఎదుట మజ్జిగ తాగి, నా వెనక పంచదార బుక్కుతున్నారన్నమాట. అయినా అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతారు. పొట్లం జేబులోనే పెట్టేసి, ఇంటి నుంచే పనిచేసే రోజు కోసం కాచుకున్నాను.

ఆ రోజు మీటింగ్ ఉందని గది తలుపు వేసుకుని, బాల్కనీలోంచి చూస్తూ కూర్చున్నాను. పదకొండు దాటాక నాన్న మెల్లగా కిందికి దిగి, గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన కుర్చీలో కూర్చుని, పొట్లం తీసి నోట్లో పోసుకున్నారు. మెట్లు ఎలా దిగానో తెలియదు. పొట్లం లాగేసుకుని, ఎన్నాళ్ల నుంచి సాగుతోంది ఇది అని అరిచాను. ఆయన నా వైపు చూశారు. నేనెవరో గుర్తు రానట్టు చూశారు. ఆ చలిలో చొక్కా వీపుకి తడిసి అతుక్కుపోయి ఉంది.

వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. మహబూబ్‌నగర్ వైపు మనిషి. ఈ దొంగతిండికి తోడు ఇతనేనని అంతకు ముందు నిమిషమే అనుకున్నాను.

"పెద్దసారు మీద కోపం చెయ్యకుండ్రి మేడమ్. రోజు గీ టైముకు చేతులు వణుకుతయి, చెమటలు వడ్తయి. మొన్న లిఫ్ట్ కాడ కూలవడ్డడు. మా అమ్మకు గిట్లనే అయితుండె. గందుకే జేబుల జర చక్కెర పెట్టుకొమ్మని నేనే చెప్పిన."

నా చేతిలోంచి పొట్లం తీసుకుని మళ్లీ నాన్న చేతిలో పెట్టాడు. వణికే ఆ చేతిని నోటిదాకా పట్టుకున్నాడు.

నాన్న రోజూ టిఫినుకు ముందు వేసుకునే షుగరు బిళ్ల, రెండు పూటలా అన్నం తినే మనిషికి రాసినది. తిండిని సగం చేసింది నేను. బిళ్ల మాట ఎవరినీ అడగలేదు. పరగడుపు అంకె చూసి మురిసిపోయానే గానీ, నేను ఆఫీసులో ఉండే వేళ షుగరు ఎంతకి పడిపోతోందో ఒక్కసారీ చూడలేదు. ఇలాంటి పొరపాటు ఆఫీసులో ఇంకెవరైనా చేస్తే నేను ఊరుకునేదాన్ని కాదు.

నాన్న తేరుకున్నాక, నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అంత కష్టపడి రాశావు కదమ్మా," అన్నారు. "పొద్దున్నే ఆ అంకె చూసి ఎంత సంతోషపడేదానివో."

ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అంతా విని, ఇది ప్రాణం మీదికి వచ్చే వ్యవహారమన్నారు. బిళ్ల మోతాదు సగానికి తగ్గించారు. ఇలా తిండి మార్చమని ఎవరు చెప్పారని గట్టిగానే అడిగారు. నేను నోరు తెరిచేలోపు నాన్న అందుకున్నారు.

"నేనేనండి. అమ్మాయికి తెలీదు."

డాక్టరు చాలాసేపు కోప్పడ్డారు. ఈ వయసులో సొంత వైద్యాలేమిటి, చదువుకున్నవారే ఇలా చేస్తే ఎలా అన్నారు. నాన్న తల వంచుకుని, తప్పేనండి, తప్పేనండి అంటూ విన్నారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.