కూర్చున్న బ్యాటరీలు, పడుకున్న అత్తగారు

మా నాందేడ్‌లో బ్యాటరీ చచ్చిపోదు, కూర్చుంటుంది. మెకానిక్ నా స్కూటర్ సీటు ఎత్తి, నాలుగు బ్యాటరీలకూ మీటరు ఆనించి, "బైఠ్ గయీ, వహినీ" అన్నాడు, కూర్చున్నాయి వదినా అని. ఒకే వాక్యంలో హిందీ, మరాఠీ కలిపేయడం ఇక్కడ అందరికీ అలవాటే. స్టీలు సామాన్ల దుకాణం మూసి ఇంటికొచ్చిన మా ఆయన, ఆ మాటనే తెలుగులోకి దించి నా మీద వేశాడు.

"బ్యాటరీలు కూసున్నయంట గదా. మంచిగయింది. ఇగ నువ్వు గూడ జర ఇంట్ల కూసో."

నాకు ఒళ్లు మండింది. అది లైసెన్సు అక్కర్లేని చిన్న కరెంటు స్కూటర్. యాభై దాటాక, ఇద్దరు పిల్లల పెళ్లిళ్లయ్యాక, మోచేతులు గీరుకుని నేర్చుకున్నాను. అంతకుముందు ఎక్కడికి పోవాలన్నా "జర దింపుతరా?" అని అడగాలి. ఆయన "ఆగు, గిరాకీ ఉన్నది" అనాలి. ఆ గిరాకీ కదిలేలోపు నేను పోవలసిన పెళ్లిలో భోజనాలు అయిపోయేవి. స్కూటర్ వచ్చాక ఇత్వారా బజారులో కూరగాయలు నేనే తెచ్చుకున్నాను. పొద్దున్నే గోవర్ధన్ ఘాట్ దాకా పోయి, గోదావరిని చూసి, ఏ పనీ లేకుండా తిరిగొచ్చాను. ఏ పనీ లేకుండా పోవడంలో ఎంత సుఖం ఉందో అంతవరకూ నాకు తెలియదు.

వెనక సీటు మా అత్తమ్మది. మోకాళ్లు ఆమెను వీధి చివరిదాకా కూడా పోనివ్వవు. కానీ కొంగు చెవుల మీదుగా చుట్టుకుని, ఒక పక్కకు తిరిగి కూర్చుని, "జర తేజ్ పోనీ పిల్లా" అంటూ భజనకు బయల్దేరేది. దారిలో ఎవరైనా పలకరిస్తే ఆగనిచ్చేది కాదు. చెయ్యి ఊపి సరిపెట్టేది.

కొత్త బ్యాటరీలు వేయించేది లేదని మా ఆయన తేల్చేశాడు. "ఆదివారం పొద్దుగాల భంగార్ ఆయన అస్తడు. బండి మొత్తం ఇచ్చేద్దాం." భంగార్ ఆయన పాత ఇనుము కొనేవాడు. అంటే ఆదివారంలోగా బ్యాటరీలు లేవాలి. లేవకపోతే అత్తా కోడళ్లం మళ్లీ "జర దింపుతరా"కే.

ఫోన్‌లో ఒకతను హిందీలో చెప్పాడు. ఇలాంటి సీలు బ్యాటరీలు చాలాసార్లు లోపల ఎండిపోయి కూర్చుంటాయట. పై పట్టీ ఊడదీసి, రబ్బరు టోపీలు తీసి, లోపలి తెల్లపొర తడిసేదాకా సిరంజితో డిస్టిల్డ్ వాటర్ పోసి, మెల్లగా ఛార్జి చేస్తే కొన్ని లేస్తాయట. అన్నీ లేవవు అని కూడా అన్నాడు. అది నేను వినదలుచుకోలేదు.

నీళ్ల డబ్బా పెట్రోలు బంకు దగ్గర దొరికింది. సిరంజికి మాత్రం మా దుకాణం ఎదురుగా ఉన్న మందుల షాపుకే పోవాల్సి వచ్చింది. ఎవరికని అడిగాడు అతను. నిజం చెబితే ఆ మాట వెంటనే రోడ్డు దాటి మా ఆయన చెవిలో పడుతుంది. అందుకని "ఘరీచ్" అన్నాను, ఇంట్లోనే అని. ఎవరికని అడిగితే ఎక్కడో చెప్పి, ఉన్నవాటిలో పెద్ద సిరంజి పట్టుకుని వచ్చేశాను.

మధ్యాహ్నం వెనక వరండాలో చాప పరిచాం. లోపల ఉండేది తేజాబ్, అంటే యాసిడ్ కదా, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాను. కళ్లకు అత్తమ్మ కంటి ఆపరేషన్ నాటి నల్లద్దాలు పెట్టుకున్నాను. అత్తమ్మ మోకాళ్లు వంగవు. అందుకని ఆమె చాప మీద ఒక పక్కకు ఒరిగి పడుకుని, నా ఫోన్‌లో టార్చ్ వేసి, ఒక కన్ను మూసి, బ్యాటరీ రంధ్రంలోకి చూడడం మొదలుపెట్టింది.

"నోరెండి ఉన్నదే పాపం. పొయ్యి పిల్లా, ఇంక తాగుతది."

నిజంగానే తాగింది. పోసిన నీళ్లు పోసినట్టే లోపలికి మాయమవుతుంటే మా ఇద్దరికీ పిచ్చి సంతోషం పుట్టింది. మనవలకు ఉగ్గు పట్టినప్పుడు కూడా ఇంత మురవలేదు. మధ్యలో ఫోన్ మోగింది. చూపు చెదిరిందని అత్తమ్మ టక్కున కట్ చేసేసింది. మళ్లీ మోగితే మళ్లీ కట్ చేసింది. "పనిల ఉంటే గీ ఫోన్లేంది" అని విసుక్కుంది.

నాలుగో బ్యాటరీ మాత్రం తాగలేదు. నీళ్లు పైనే నిలిచిపోయాయి. కొంచెం ఆగితే ఇంకుతాయని నేను చెబుతూనే ఉన్నాను. అత్తమ్మ వినకుండా తలగడ వెనక నుంచి చిన్న రాగి చెంబు తీసింది. ఇక్కడ మేం గోదావరినీ గంగ అనే అంటాం గానీ, అందులో ఉన్నది కాశీ గంగ. ప్రాణం పోయేటప్పుడు తన నోట్లో పోయమని ఆమె దేవుడి గూట్లో దాచుకున్నది. సీలు అప్పటికే ఊడదీసి పెట్టింది.

"అత్తమ్మా, అది మీకు గదా!"

"నాకిప్పుడేం తొందర? తొందర దీనికున్నది. ఆదివారం అస్తలేడా వాడు?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె మీద అంత ప్రేమ నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. కానీ గంగైనా సరే, మామూలు నీళ్లు పోస్తే బ్యాటరీ చెడుతుంది. నేను చెంబు లాక్కున్నాను. ఆమె పడుకునే నా మణికట్టు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే మా ఆయన రొప్పుతూ లోపలికొచ్చాడు.

ఆయనకు కనబడింది ఏమిటంటే, చాప మీద అమ్మ పడుకుని ఉంది, ఒక కన్ను మూతపడింది. పక్కన నల్లద్దాలు పెట్టుకున్న భార్య, ఒక చేతిలో సిరంజి, ఇంకో చేతిలో మూత తీసిన గంగ చెంబు.

"అమ్మా!" అని మోకాళ్ల మీద కూలబడ్డాడు. "ఎంత పనాయెనే! నాకొక మాటన్న చెప్పకపోతిరి!"

అత్తమ్మ రెండో కన్ను కూడా తెరిచింది. "ఏందిరా, పగటేల అచ్చినవ్? దుకాణం ఎవరు సూస్తున్నరు?"

జరిగింది ఇదీ. మందుల షాపతను రోడ్డు దాటి వచ్చి, "ఆయీ బర్యా ఆహేత్ నా?" అని, అమ్మగారు కులాసాయేనా అని, మర్యాదగా అడిగాడు. పెద్ద సిరంజి సంగతి కూడా చెప్పాడు. ఈయన ఫోన్ చేస్తే కట్ చేశారు, మళ్లీ చేస్తే మళ్లీ కట్ చేశారు. దాంతో షట్టర్ దించి పరుగెత్తుకొచ్చాడు. మేం నవ్వు ఆపుకోలేక చాప మీద దొర్లాం. ఆయనకు ముందు ఏడుపు, తర్వాత కోపం, ఆఖరుకు సిగ్గు వచ్చాయి. "బ్యాటరీల కోసం మా అమ్మను పండబెడ్తవా?" అని నా మీద లేచాడు గానీ, కళ్లు తుడుచుకుంటూ తిట్టడం ఆయనకు సాగలేదు. చెంబుకు మూత గట్టిగా బిగించి, తనే తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టి వచ్చాడు.

సాయంత్రానికి నాలుగోది కూడా నీళ్లు పీల్చుకుంది. ఛార్జి పెట్టాక అత్తమ్మ అగర్బత్తి వెలిగించబోతే ఊది ఆర్పేశాను. బ్యాటరీ నుంచి వచ్చే గాలికి నిప్పు తగిలితే మేం ముగ్గురం ఒకేసారి కాశీకి పోతాం. తెల్లారి పైన మిగిలిన నీళ్లు లాగేసి, టోపీలు, పట్టీలు బిగించి, వైర్లు కలిపి తాళం తిప్పాను. పచ్చ గీతలన్నీ వెలిగాయి! అత్తమ్మ భుజాలు పట్టుకుని గంతులేశాను. ఆమె మోకాళ్లను మరిచిపోయి నాతో పాటు ఊగింది.

మా ఆయన మాత్రం పెదవి విరిచాడు. "వెలుగుడు వేరు, గుంజుడు వేరు. నన్ను కూసోబెట్టుకొని గోదావరి పూల్ ఎక్కించు. నేను కాలు కింద పెట్టకుండ పైకి పోతే బండి ఉంటది. లేకుంటే భంగారే."

ఆయన చిన్న మనిషేం కాదు. సీటు మీద కూర్చోగానే వెనక టైరు నిట్టూర్చింది. ఆదివారం పొద్దున్న గల్లీ చివరిదాకా అత్తమ్మ చూపులు మమ్మల్ని సాగనంపాయి. వంతెన మొదట్లో బాగానే లాగింది. సగం ఎక్కేసరికి వేగం తగ్గి, స్కూటర్ గొణగడం మొదలుపెట్టింది. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలాయన మమ్మల్ని దాటిపోయి, వెనక్కి తిరిగి మరీ నవ్వాడు. పచ్చ గీతలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఇక ఆగిపోతుందనుకున్నాను.

"దిగుతనే. పాపం, గుంజలేకపోతున్నది" అన్నాడు ఆయన, జాలిగానే.

"కాలు ఎత్తుండ్రి! దిగితే ఊకోను! కూసోండ్రి!"

పెళ్లయినప్పటి నుంచీ ఆయన మీద నేను అంత గొంతెత్తలేదు. ఆయన ఠక్కున కాళ్లు పైకి ముడుచుకున్నాడు. అదే సమయానికి ఆయన జేబులో ఫోన్ మోగింది. భంగార్ ఆయన మా గేటు ముందుకొచ్చి నిలబడ్డాడు. "గాడీ కిధర్ హై? బ్యాటరీ బైఠ్ గయీ బోలే నా?" అని అతను అరవడం నాకూ వినిపించింది.

మా ఆయన ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని, ముందుకు వంగి చూస్తున్నాడు. పాకుతూ పాకుతూ ముందు చక్రం పూల్ నడినెత్తి మీదికొచ్చింది. నది మీది గాలి మా మొహాలకు కొట్టింది.

"బ్యాటరీ నై బైఠీ, భాయ్" అన్నాడు మా ఆయన. "మై బైఠా హూఁ." కూర్చున్నది బ్యాటరీ కాదు, తనేనట.

ఆవల దిగుడు మొదలైంది. నేను బ్రేకు వేయలేదు.