నాలుగు ప్యాంట్ల బావ

మా బావకి నడుము పైన ఎప్పుడూ వేసవికాలం, నడుము కింద ఎప్పుడూ చలికాలం. చలి రోజుల్లో ఊరంతా ముసుగుతన్ని పడుకుని ఉంటే ఆయన తెల్లవారకుండానే పరుగుకి బయల్దేరతాడు. పైన చేతుల్లేని పల్చటి బనీను. కింద ఒకదాని మీద ఒకటి నాలుగు ప్యాంట్లు. దూరం నుంచి చూస్తే ఇద్దరు మనుషుల్ని తెచ్చి నడుము దగ్గర అతికించినట్టు ఉంటాడు.

ఆయన మా అక్క మొగుడు. చేపల్ని గడ్డకట్టించి నిలవచేసే కోల్డ్ స్టోరేజీ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పొద్దస్తమానం మంచుగదుల్లో తిరిగే తనకి చలి గురించి పాఠం చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. పాఠాలు ఆయనే మనకి చెప్తాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, గుండె దగ్గర పొయ్యి ఉంది. పరిగెత్తితే దానంతటదే రాజుకుంటుంది. కాళ్ళకి పొయ్యేదిరా?"

"మరి చేతులకి?"

"చేతులు చంకలో పెట్టుకోవచ్చు. కాళ్ళెక్కడ పెట్టుకుంటావు?"

నేను నా కాళ్ళకేసి చూసుకున్నాను.

ఆ నాలుగు ప్యాంట్లకీ ఒక వరస ఉంది. నిక్కరు మీద మొదట ఒంటికి అతుక్కుపోయే బిగుతుది. దాని మీద ఉన్నిది. మూడోదానికి ముందువైపు మాత్రం పాత గొడుగు గుడ్డ కుట్టి ఉంటుంది. వెనక ఎందుకు లేదంటే, ఎదురుగాలి శత్రువట, వెనకగాలి తోస్తుంది కాబట్టి మిత్రుడట. అన్నిటికన్నా పైన ఒక వదులు ప్యాంటు, దాని అంచుకి మా అక్క కిటికీ పరదా ముక్క. ఉన్నిదాని ఎర్ర మోకాలి అతుకులూ, ఆకుపచ్చ నాడాలూ అన్నీ అక్క కుట్టుమిషను మీద పుట్టినవే. ఒకటే చిత్రం. ఏ రెండూ ఒక కొలత కావు. ఒకటి పిక్కల దగ్గరే ఆగిపోతుంది, ఒకటి మడమల కింద పడి ఈడుస్తుంది. చవగ్గా దొరికినవి పోగేశాడనుకున్నాను.

ఎవరైనా ఎదురైతే మనం బాగున్నారా అంటాం. మా బావ "మోకాళ్ళు వెచ్చగా ఉన్నాయా?" అంటాడు. ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని, నోట్లో ఇనప సామాను ఉండగానే, "ఓకాళ్ళు ఎచ్చగా ఉన్నాయా?" అని అడిగాడు. డాక్టరుగారు మత్తు ఎక్కువైందేమోనని కంగారుపడి పని ఆపేశారు. మత్తుమందు ఇంకా ఇవ్వనే లేదు.

ఇంట్లో భోజనాల బల్ల కాళ్ళకి కూడా పాత మేజోళ్ళు తొడిగాడు. ఇదేమిటంటే, "పాపం, రాత్రంతా చల్లటి నేల మీద నిలబడేది అదేగా" అన్నాడు. మా అక్క వాటిని పీకేసిన రోజు మధ్యాహ్నమంతా బల్లకేసి జాలిగా చూస్తూ అన్నం తిన్నాడు.

ఇలాంటి మనిషికి ఒకే ఒక్క కోరిక. మా ఊళ్ళో ఏటా చలికాలంలో ఒక పరుగు పెడతారు. లైబ్రరీ మెట్ల దగ్గర మొదలై, ఊరు చుట్టి, మళ్ళీ అక్కడికే. వేళ దాటకుండా వచ్చినవాళ్ళందరికీ ఒక కంచుబిళ్ళ ఇస్తారు. పరుగులో చేరిన మొదటి ఏడే మా బావ ఆ బిళ్ళ కోసం హాల్లో గోడకి మేకు కొట్టాడు. రోజూ పరిగెత్తే మనిషి ఆ ఒక్క రోజూ ప్రతి ఏడూ గడువు దాటాకే వస్తాడు. ఆ మేకుకి అక్క టీ వడబోసే జల్లెడ తగిలించుకుంది.

జల్లెడతో పోతే బాగుండేది. ఈ ఏడు పరుగుకి ముందు అక్క నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది.

"ఒరేయ్, మీ బావ పరుగుకి నాలుగు ప్యాంట్లతో వెళ్తాడు. నిక్కరుతో తిరిగొస్తాడు."

"ఉక్కపోసి విప్పేసి ఉంటాడే."

"విప్పితే విప్పాడు, పారేసుకుంటాడేం? అడిగితే 'వస్తాయిలే' అంటాడు. నిజంగానే వస్తాయి! నాలుగు రోజులయ్యాక ఒక్కొక్కటీ ఫ్యాక్టరీ నుంచి పట్టుకొస్తాడు. ఉతికి, ఇస్త్రీ చేసి మరీ వస్తాయిరా! ఎవరు ఉతుకుతున్నారు?"

అక్క కళ్ళు ఒత్తుకుంది. అంతలోనే కొంగు బిగించింది.

"ఈసారి నాలుగు ప్యాంట్లూ ఒంటి మీద ఉంచుకుని వేళకి రావాలని చెప్పేశాను. రాకపోతే అన్నీ మసిగుడ్డలే. నువ్వు పక్కనే పరిగెత్తు. ఏం జరుగుతుందో కళ్ళారా చూసి చెప్పు. నేను మెట్ల దగ్గరే ఉంటా."

ఆ విధంగా నేను గూఢచారినయ్యాను. పొద్దున్నే నా ప్యాంటు పట్టుకు చూసి బావ పామును తాకినట్టు చెయ్యి లాక్కున్నాడు. "నూలా! నూలు చెమట తాగుతుందిరా. తాగింది వదలదు. మంచులో తడిగుడ్డ కట్టుకున్నట్టే."

"నాకేం కాదులే, పద."

వంతెన దాకా బాగానే వెళ్ళాం. అక్కడ రొట్టెల దుకాణం అమ్మాయి కాలిబాట అంచున కూలబడి ఉంది. గుంటలో కాలేసి తొడల దాకా తడిసిపోయింది.

"అమ్మా, మోకాళ్ళు వెచ్చగా ఉన్నాయా?"

"అసలు ఉన్నాయో లేవో తెలియట్లేదండీ."

మా బావ బస్టాపు వెనక్కి వెళ్ళి, పరదా అంచు ప్యాంటు చేత్తో పట్టుకుని వచ్చాడు. "ఒక సాయం చేస్తావా తల్లీ? ఉక్కపోసి చస్తున్నా. దీన్ని చేత్తో పట్టుకుని పరిగెత్తలేను. కాస్త వేసుకుని మెట్ల దాకా తెచ్చిపెట్టు. అక్కడ నేను కనపడకపోతే తర్వాత మా చేపల ఫ్యాక్టరీకి పంపిద్దువుగాని."

ఆ అమ్మాయి మొహమాటంగా అందుకుంది. "అయ్యో, ఎంత వెచ్చగా ఉందండీ!"

"పొయ్యి మీంచి ఇప్పుడే దించానమ్మా."

ఆ అమ్మాయి లేచి పరుగందుకునే దాకా బావ అక్కడే నిలబడ్డాడు. నాకు కడుపులోంచి నవ్వొచ్చింది, వెంటనే అక్క మొహం గుర్తొచ్చి ఆగిపోయింది.

"బావా, ఈ పనికి సంచీలో తెచ్చుకుంటే పోయేదిగా?"

"సంచీలోది చల్లగా ఉంటుందిరా. ఒంటి మీదిదైతే తొడుక్కోగానే వెచ్చన. పైగా, 'నీకు చలేస్తోంది, ఇది తీసుకో' అంటే ఎవరు తీసుకుంటారు? 'నాకు ఉక్కపోస్తోంది, మోసిపెట్టు' అంటే ఎవరూ కాదనరు."

అప్పటికి నాకు కొలతల సంగతి కూడా అర్థమైంది. ఎవరికి ఏది సరిపోతుందో ముందే ఎలా తెలుస్తుంది? అందుకే అన్ని కొలతలూ.

గొడుగు గుడ్డది పార్కు దగ్గర తొడ పట్టేసి కుంటుతున్న రిటైరైన హెడ్మాస్టరుగారికి వెళ్ళింది. ఆయన తొడ పిసికి, నాలుగడుగులు నడిపించి, మళ్ళీ పరుగులో పెట్టడానికి చాలాసేపు పట్టింది. ఉన్నిది మంగలికి వెళ్ళింది. అతను ఆరడుగుల పైచిలుకు మనిషి. పందెం కాసి నిక్కరుతో వచ్చాడు, ఇప్పుడు పళ్ళు టకటకలాడుతున్నాయి. పొడుగు ప్యాంటు అంతకుముందే అమ్మాయికి వెళ్ళిపోయింది కాబట్టి ఇది అతని పిక్కల దగ్గరే ఆగింది.

"బావా, ఒక్కటి మిగిలింది. అది ఇచ్చావంటే అక్క ఊరుకోదు."

"ఇవ్వను. ఒట్టు."

అంతలో చినుకులు మొదలయ్యాయి. నా నూలు ప్యాంటు వాటిని ఆబగా తాగింది. కొంతసేపటికి కాళ్ళు నావో, పక్కవాడివో తెలియలేదు. అయినా పరుగు ఆపలేదు. బావే ఆగి నాకేసి చూశాడు.

"ఏరా, మోకాళ్ళు?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి."

"అబద్ధాలాడితే ఆడపిల్లలు పుడతారంటారు. నీకు ఇప్పటికే ముగ్గురు." అంటూ టెలిఫోను బూత్‌లోకి దూరి ఆఖరిది కూడా విప్పేశాడు. అది నిజంగానే పొయ్యి మీంచి దించినట్టుంది. సిగ్గు విడిచి, తడిది విప్పేసి తొడుక్కున్నాను.

"మరి నీకు చలి?"

"రోజంతా గడ్డకట్టిన చేపల మధ్య బతికేవాణ్ణి. నాకు చలేంట్రా!"

"ఇన్నేళ్ళూ ఈ ప్యాంట్ల పంపకం సంగతి అక్కకి చెప్పొచ్చుగా?"

బావ మొదటిసారి తల దించుకున్నాడు. "చెప్తే ఆవిడ కూర్చుని ఇంకో నాలుగు కుడుతుందిరా. ఇప్పటికే సూదిలో దారం నాచేత ఎక్కించుకుంటోంది."

మేం చేరేసరికి గడువు దాటిపోయింది. గడియారం చూసే ఆయన తాడు చుట్టేస్తున్నాడు. మెట్ల మీద అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ వెనక రొట్టెల అమ్మాయి, హెడ్మాస్టరుగారు, మంగలి వరసగా నిలబడి టీ తాగుతున్నారు.

"ఏమండీ," అంది అక్క, "మీరు ముక్కలు ముక్కలుగా వస్తారని ముందే చెప్పొచ్చుగా? మొదట నా పరదా అంచు వచ్చింది. తర్వాత నా గొడుగు వచ్చింది. ఆ తర్వాత నా ఎర్ర అతుకులు. నాలుగోది ఏదా అని చూస్తుంటే, నేను పంపిన గూఢచారే తొడుక్కొచ్చాడు."

"ఇస్త్రీ చేసి రేపే ఫ్యాక్టరీకి పంపిస్తానండీ," అంది అమ్మాయి, ఏదో తప్పు చేసినట్టు.

"ఇన్నేళ్ళూ ఉతికినవాళ్ళు మీలాంటివాళ్ళేనన్నమాట," అంది అక్క. గట్టిగా ఊపిరి వదిలి, గడియారం ఆయన వైపు తిరిగింది. "బిళ్ళ ఇవ్వండి."

"వేళ దాటిందమ్మా."

"మూడు ప్యాంట్లు వేళకే వచ్చాయా లేదా?"

"వచ్చాయి."

"అంటే మనిషి ముప్పాతిక వంతు వచ్చేసినట్టే. మిగతా పాతిక కోసం పేచీ ఏమిటండీ?"

"రూల్సులో ప్యాంట్ల ప్రసక్తి లేదమ్మా," అన్నాడాయన దీనంగా. మా బావకి ఈ వాదన పట్టలేదు. ఆయన చూపంతా గడియారం ఆయన కాళ్ళ మీదే ఉంది.

"ఏమండీ, పొద్దుట్నుంచి నిలబడ్డట్టున్నారు. మోకాళ్ళు వెచ్చగా ఉన్నాయా?"

బిళ్ళ రాలేదు. గడియారం ఆయన మాత్రం మంగలి విప్పి ఇచ్చిన ఉన్ని ప్యాంటు వేసుకుని ఇంటికి వెళ్ళాడు.

సాయంత్రం నేను భయపడుతూనే అక్క ఇంటికి వెళ్ళాను. కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. కింద గుడ్డముక్కలు కుప్పగా పడి ఉన్నాయి. బావ సూదిలో దారం ఎక్కిస్తున్నాడు.

"అయిపోయిందా? మసిగుడ్డలేనా?"

"నోర్ముయ్. ఐదోది కుడుతున్నా. ఆ మంగలికి పిక్కల దాకే వచ్చింది, నలుగుర్లో నా కుట్టుపరువు పోయింది."

"ఐదు తొడుక్కుంటే నేను వంగలేనే," అన్నాడు బావ.

"ఎవరు వంగమన్నారు? పరిగెత్తండి చాలు."

దారం కొరికి, మేకు మీద జల్లెడ తీసేసి, కుట్టిన ప్యాంటుని దానికి తగిలించింది. అది గోడ పొడుగునా నేల దాకా వేలాడింది. కాస్త వెనక్కి జరిగి తృప్తిగా చూసుకుని, అప్పుడు నా వైపు తిరిగి కిందికి చూసింది.

"ఏరా, మోకాళ్ళు వెచ్చగా ఉన్నాయా?"