అమావాస్య నాడు డిస్కు సర్దడం

వనపర్తిలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంవాడు నా పెట్టెను విప్పనైనా లేదు. "తాతా, గిది పాతసామానోళ్లకెయ్యి. కొత్తది తీస్కో" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మగ్గం కిర్రుమందని పొయ్యిలో పెడతామా? గద్వాలకు బస్సులో దాన్ని ఒళ్లోనే పెట్టుకుని వచ్చాను.

అందులో మా నాయన చీరల అంచులున్నాయి. ఆయన గళ్ల కాగితాల మీద గీసినవాటిని, ఎవరూ నేర్పకపోయినా నేనే నేర్చుకుని, ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించాను. తర్వాత కాగితాలను చెదలు తిన్నాయి. ఇప్పుడు కోట బురుజులు వరుసగా ఉండే కోటకొమ్మ అంచు తెరవమంటే తెర తెల్లబోయి ఊరుకుంటోంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దామంటే సగంలో ఆగిపోతోంది.

ఒకే అంచు తాలూకు ముక్కలు డిస్కులో తలోచోట పడి ఉంటే, వాటిని వెతకడానికే దానికి పొద్దు పోతుందట. వీడియోలు చూసి తెలుసుకున్నాను. చిక్కుపడ్డ పట్టు విప్పి కండెకు చుట్టినట్టు ఆ ముక్కలను ఏరి వరుసలో పెట్టాలి. దాన్నే డీఫ్రాగ్ అంటారు. అది నడుస్తుండగా కరెంటు పోయినా, ఎవరైనా ఆపేసినా మాత్రం పాత డిస్కును నమ్మలేం. అందుకే అమావాస్య చూసి మొదలుపెట్టాను. ఆ రోజు మా ఇంట్లో మగ్గం ముట్టరు. కంప్యూటర్ జోలికీ ఎవరూ రారనుకున్నాను.

సగం దాటింది. లోపల డిస్కు గరగరమంటోంది. మంచినీళ్లకని లేచి వంటింట్లోకి వెళ్లానో లేదో, ఆ చప్పుడు ఆగిపోయింది.

పరుగెత్తి వచ్చేసరికి మా ఆవిడ స్విచ్ కట్టేసి, మగ్గానికి పెట్టినట్టే దానికీ పసుపు పెడుతోంది.

"ఏం జేసినవే!"

"అమాస నాడు గిర్రున తిరుగుతుంటే బంద్ జేసిన. తప్పా?"

"గది మగ్గమా?"

"అంచులు గీసేది గదే గద. దానికి అమాస లేదా?"

స్విచ్ వేశాను. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. డిస్కును పరీక్షిస్తోందట. కాసేపు కదిలి, నిలిచిపోయాయి. పసుపు చేతులతోనే ఆమె నా పక్కకు వచ్చి నిలబడింది.

"మామ గీసినయి పోయినయా?" గొంతు తగ్గించి అడిగింది.

"తెల్వదు."

అక్షరాలు మళ్లీ కదిలాయి. చాలాసేపటికి మామూలు తెర వచ్చింది. కోటకొమ్మ నొక్కాను. మెల్లగా, కింది నుంచి ఒక్కో వరుసా తేలి, బురుజులు నిలబడ్డాయి. వెంటనే పెన్‌డ్రైవ్ గుచ్చాను. మళ్లీ ఎక్కడం మొదలైంది. స్విచ్ పెట్టెకు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"అమాస..." అని మొదలుపెట్టింది.

"నేను లేవ."

"లేవకు. బువ్వ ఈడికే తెస్త. కరెంటోళ్లు తీస్తే మటుకు నన్ను తిట్టకు."