నా తర్జుమాలో చేతివాటం

మా అత్తయ్యగారికీ మా అమ్మాయికీ మధ్య నేను మూడేళ్ళు తర్జుమా పని చేశాను. జీతం లేదు, సెలవు లేదు, నిజాయితీ అసలే లేదు.

మా అమ్మాయికి పుట్టుకతోనే చెవులు వినబడవు. నాలుగేళ్ళు నిండగానే రాజమండ్రిలో సైగల భాష నేర్పే బడిలో చేర్చాం. మా ఊరు నిడదవోలు దగ్గర. రోజూ నేనే తీసుకెళ్ళి తీసుకొచ్చేదాన్ని. తల్లులు కూడా నేర్చుకోవాలని బడివాళ్ళు ఫోన్‌కి వీడియోలు పంపేవారు. నేను నేర్చుకున్నాను. మావారు సగం నేర్చుకుని, మిగతా సగం పొలం పనుల్లో మర్చిపోయారు. అత్తయ్యగారు మాత్రం చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

“ఈ వయసులో గాల్లో చేతులూపుకుంటూ కూర్చుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారే? నువ్వున్నావుగా, చెప్పు దానికి,” అనేవారు.

మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పాను. అదే నా బుద్ధితక్కువ. ఒకరోజు ఆనపకాయ పులుసు నోట్లో పెట్టుకుని మా అమ్మాయి, “ఉప్పు! నాయనమ్మకి కళ్ళు కనబడవా?” అని చేతులు తిప్పింది. ఏమంటోందని అత్తయ్యగారు అడిగితే చెప్పేశాను. “దీనికి వినబడకపోవడమే కాదు, భయం కూడా లేదు,” అన్నారావిడ. అదీ అటు చేరవేశాను. రెండు రోజులు ఒకరు వంటింట్లోకి రాలేదు, ఇంకొకరు నాయనమ్మ పక్కన కూర్చోలేదు.

నాకు భయం పట్టుకుంది. ఊళ్ళో ఎవరితోనూ మాట కలవని పిల్ల. ఇంట్లో ఉన్న నాయనమ్మ కూడా దూరమైపోతే దానికి ఎవరున్నారు? వీళ్ళిద్దరూ దగ్గరవ్వాలంటే ఒకరి మాట ఒకరికి తెలియకూడదని తీర్మానించుకున్నాను. ఆ రోజునుంచి అబద్ధాల వంట మొదలుపెట్టాను.

కొన్నాళ్ళు సాఫీగానే సాగింది. తర్వాత అత్తయ్యగారికి కొత్త అనుమానం వచ్చింది.

“అది నాకేసి వేలు పెట్టి చూపిస్తుందేంటి?”

“సైగల్లో ‘మీరు’ అనడానికి అలాగే చూపించాలండి.”

“‘నువ్వు’ అనడానికో?”

“దానికీ అంతేనండి.”

ఆవిడ నిర్ఘాంతపోయారు. “గోదావరి పిల్ల ‘అండి’ లేకుండా మాట్లాడ్డమేంటే? పెద్దాచిన్నా ఉండక్కర్లా?” అని, ఒక పూటంతా ఆలోచించి, తనే ఒక సైగ తయారుచేశారు. కుడి అరచెయ్యి గుండెమీద పెట్టుకుని, తల కాస్త వంచాలి. అదే ‘అండి’. మూడేళ్ళలో ఆవిడ చేతులు ఒళ్ళోంచి లేచింది ఆ ఒక్క సైగకే.

మా అమ్మాయికి అది తెగ నచ్చేసింది. గేదెకి అండి, కుక్కకి అండి, బస్సు కండక్టరుకి అండి. పది రోజులు తిరక్కుండా బడిలో టీచరుగారు నన్ను పక్కకి పిలిచారు.

“ఇదేం సైగండీ? క్లాసులో పిల్లలందరూ మాటకోసారి గుండె పట్టుకుని తల వాల్చేస్తున్నారు. ఎవరికేమైందోనని హడలి చచ్చానండి!”

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మా అమ్మాయి ఇంకోటి కనిపెట్టింది. చివర అండి తగిలిస్తే ఏమైనా అనొచ్చు. “మీ పులుసు గేదె కూడా తాగదండి,” అని గుండెమీద చెయ్యి వేసుకుని ఎంతో వినయంగా అనేది. “అమృతంలా ఉందంటోందండి,” అని నేను చెప్పేదాన్ని. అత్తయ్యగారు నావంక అదోలా చూసి, దాని కంచంలో ఇంకో గరిటె వేసేవారు.

మొన్న వేసవిలో పెద్దాపురంనుంచి అత్తయ్యగారి చెల్లెలు వచ్చారు. అందరం హాల్లో కూర్చున్నాం. అత్తయ్యగారు గోరుచిక్కుళ్ళు తుంపుతున్నారు. చెల్లెలుగారు మా అమ్మాయిని ఎగాదిగా చూసి, కళ్ళొత్తుకుని, “బంగారంలాంటి పిల్ల, మాటల్లేకుండా అయిపోయింది. కోడల్ని ఇంకొకళ్ళని కనమని చెప్పక్కా,” అన్నారు.

ఏమన్నారని మా అమ్మాయి నన్నడిగింది. నీ గౌను బాగుందంటున్నారని చెప్పాను.

“గౌను బాగుంటే ఏడుస్తారా? అబద్ధం,” అంది.

అప్పుడు అత్తయ్యగారు చిక్కుళ్ళ పళ్ళెం పక్కకి నెట్టి, రెండు చేతులూ పైకెత్తారు. ఒక్కొక్క సైగే, ఆగి ఆగి చేశారు. “ఆవిడకి. తెలీదు. తప్పు. మాట్లాడింది.” తర్వాత చెల్లెలివైపు తిరిగి, “దానికి మాటలు రావని ఎవరన్నారే? దాని మాటలు నీకు రావు, అంతే,” అన్నారు.

“అత్తయ్యగారూ, మీకివన్నీ వచ్చాండి?”

“నువ్వు రోజూ ఫోన్ పెట్టుకుని నేర్చుకుంటుంటే, నేను తావళం తిప్పుకుంటూ, జపం చేస్తూ కళ్ళు మూసుకున్నాననుకున్నావా? తప్పుగా చేస్తే అది నవ్వుతుందని ఊరుకున్నాను. పైగా అది తిట్టడం, నువ్వు పొగడ్తలు అల్లడం... నాకు మంచి కాలక్షేపంగా ఉండేది.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఈ లోపు మా అమ్మాయి మా మొహాలు రెండూ చదివేసింది. నా ఎదురుగా వచ్చి నిలబడి, “నాకు చెప్పినవి కూడా అబద్ధాలేనా? నాయనమ్మ నా గురించి నిజంగా ఏమంటుంది?” అంది.

అత్తయ్యగారు దాని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకున్నారు.

“మొండిదానివి. వంకలు పెడతావు. నువ్వు బడికెళ్తే, నాకు...”

అక్కడ ఆవిడకి సైగ తెలియలేదు. నేను అందించబోతే వద్దని తల అడ్డంగా ఊపారు. మోకాళ్ళు పట్టుకుని లేచి, వీధిగుమ్మం దాకా వెళ్ళి, గడప పక్కన చతికిలబడి, మేం బస్సు దిగి వచ్చే దారివైపు మెడ చాచి చూశారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు. మళ్ళీ చూశారు. రోజూ మేం వచ్చేసరికి ఆవిడ లోపల మంచంమీద పడుకునే ఉండేవారు. ఇలా ఎదురుచూసి, మేం కనబడగానే లోపలికెళ్ళిపోతారని నాకే తెలియదు.

మా అమ్మాయి వెళ్ళి ఆవిడ పక్కన ఆనుకుని కూర్చుంది.

“ఏమంటోందమ్మా మా అక్క?” అని చెల్లెలుగారు నన్నడిగారు. ఉన్నదున్నట్టు చెబుదామనుకున్నాను. ఏడుపొచ్చేసి చెప్పలేకపోయాను.