తరగతి గదిలో మా తాతగారి బల్ల

మా ముత్తాతగారు ఉప్పల్ పక్కన నాలుగు ఊళ్ళకు శిస్తు వసూలు చేసే మాలీపటేలు. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, పోలీసు పటేలు. వారు కోటలాంటి మా ఇంటి, అంటే గడి, అరుగు మీద టేకు బల్లపై కూర్చుంటే, పని ఉండి వచ్చినవారు కింద వాకిట్లో నిలబడి మాట్లాడేవారు. మా నాన్నగారి నాటికి పటేలుగిరీ పేరుకే మిగిలింది, పొలాలు కోర్టు వ్యవహారాల్లో కరిగిపోయాయి, నా చేతికి వచ్చేసరికి బీటలు వారిన గడి, ఆ బల్ల, నాచారంలో సర్కారు బడి పంతులు ఉద్యోగం మిగిలాయి.

ఇవన్నీ మొన్న రామంతాపూర్‌లో మనుమరాలి బడికి వెళ్ళినప్పుడు గుర్తుకొచ్చాయి. తరగతి గోడ మీద గళ్ళు గీసిన కాగితం ఒకటి అంటించి ఉంది. ఏ పిల్ల ఎక్కడ కూర్చోవాలో, వారం వారం ఎటు మారాలో అందులో రాశారు. చోటు కోసం పిల్లలు తగాదా పడరా అని అడిగితే, టీచరమ్మ ఆ ప్రశ్నే అర్థం కానట్టు నవ్వింది. నాకు మాత్రం ఆ కాగితం ముందు నిలబడగానే, ఏళ్ళ కిందటి నా తరగతి గది కళ్ళ ముందుకొచ్చింది.

అవి నాచారంలో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న రోజులు. నేను పాఠం చెప్పే ఏడో తరగతిలో సగం మంది ఊళ్ళోని రైతుల పిల్లలు, సగం మంది ఎక్కడెక్కడి నుంచో వచ్చిన రైల్వే, ఫ్యాక్టరీ ఉద్యోగుల పిల్లలు. అందరూ గోనెపట్టాల మీదే కూర్చునేవారు గాని, బోర్డు దగ్గరి చోటు కోసం రోజూ తోపులాటే, ఒకరి సంచి ఒకరు విసిరేయడమే. ఒకనాడు పెద్దసారు నన్ను పిలిచి, పిల్లలను కూర్చోబెట్టడం రానివారు పాఠమేం చెబుతారని మెల్లగా అన్నారు. మా వంశంలో ఎవరినీ ఎవరూ అలా అనలేదు. ఆ సాయంత్రమే ఎడ్లబండి మీద తాతగారి బల్లను బడికి చేర్పించి, శనివారం పరీక్షలో మొదట వచ్చినవారు వారమంతా దాని మీద కూర్చోవాలని, మిగతావారు మార్కుల వరుసలో కింద కూర్చోవాలని నియమం పెట్టాను. తగాదాలు ఆగిపోయాయి. పెద్దసారు కిటికీలోంచి చూసి తల ఊపి వెళ్ళారు.

మూడో వారం ఒక ఆడపిల్ల మొదట వచ్చింది. వాళ్ళ తాత మా ఊరి చెరువు నీళ్ళు పొలాలకు వదిలే నీరడి. సోమవారం పొద్దున ఆమె బల్లెక్కగానే పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చేతులు జోడించి, "దండం దొరసానీ" అని తమ చోటుకు వెళ్ళడం మొదలుపెట్టారు. మా నాయనమ్మకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మాటే వినిపించేది, నేను ఆ మాటలోనే పెరిగాను. అది ఎగతాళి అని నాకు తట్టనే లేదు. చదువుకు పిల్లలిస్తున్న మర్యాద అనుకుని సంతోషంతో నవ్వాను కూడా.

బుధవారం నాటికి ఆ పిల్ల బల్ల పక్కన నిలబడి ఉంది. కూర్చోమన్నాను, కదలలేదు. మళ్ళీ అన్నాను, నేల చూపులే. నలభై మంది ముందు నా మాట చెల్లకుండా పోతుందన్న భయంలో, నిలబడాలని ఉంటే బయట నిలబడమన్నాను. బడి వదిలే గంట కొట్టేదాకా ఎండలో నిలబడింది.

గురువారం రాలేదు. శుక్రవారం, శనివారం కూడా రాలేదు. బడి మానేసిందని, యాసంగి వరినాట్ల కూలికి పోతున్నదని పక్కింటి పిల్ల చెప్పింది. సోమవారం నాడు ఏడో తరగతి పరీక్షకు పేర్లు పంపాలి. అందులో పేరు లేకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో సరి. నౌకరుతో కబురు పంపుదామనుకున్నాను, ఉత్తరం రాద్దామనుకున్నాను. అప్పటిదాకా వాళ్ళ వాకిట్లోకి మా ఇంటివారెవరూ నడిచి వెళ్ళలేదు. చివరికి ఆదివారం నేనే వెళ్ళాను.

పిల్ల తాత, ఆ నీరడి ముసలాయన, మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. నన్ను చూడగానే లేచి, భుజం మీది తువ్వాల తీసి చేత పట్టుకున్నాడు. కూర్చోమన్నాను. మీరు నిలబడ్డంక నేనెట్ల కూసుంట అన్నాడు. పిల్లను పంపమన్నాను. ముసలాయన తాడును మంచం మీద పెట్టి తలెత్తాడు.

"పోరగాండ్లు దండం పెడ్తుంటే మీరు సూసి నవ్విన్రట గద దొరా."

ఆయన గొంతు పెంచకుండానే అన్నాడు:

"గా బల్ల ముంగట మా అయ్య ఎండల నిలబడ్డడు. నేను నిలబడ్డ. ఇగ పిల్ల, దాని మీద కూసున్నందుకు నిలబడ్డది. మాకు నిలబడుడు తప్పదా, ఏంది?"

తప్పయిందనే మాట నాకు ఇంట్లో ఎవరూ నేర్పలేదు. పేడనీళ్ళ అలుకు చల్లిన ఆ వాకిట్లో, ఇస్త్రీ ధోవతితో, నేల మీద కూర్చున్నాను. ఆయన కంగారుపడి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను లేవకపోయేసరికి, కాసేపటికి తానూ దూరంగా నేల మీదే కూర్చున్నాడు. గడప దగ్గర నుంచి పిల్ల చూస్తూనే ఉంది. రేపు పేర్లు పంపుతామని మాత్రం చెప్పి లేచాను.

సోమవారం బల్లను గది నడుమ వేయించి, రాసుకోవడానికి దాన్ని వాడమని చెప్పి, పిల్లలను దాని రెండు పక్కలా, చుట్టూ నేల మీద కూర్చోబెట్టాను. ఒక చివర నేనూ కింద కూర్చున్నాను. హాజరు పిలుస్తూ ఆ పిల్ల పేరు దగ్గర ఆగాను. ఆమె ఇంకా రాలేదు. పేర్ల కాగితం కోసం పెద్దసారు నౌకరును పంపారు, కాసేపు ఆగమన్నాను. రెండో గంట కొట్టాక ఆమె గుమ్మంలో కనిపించింది. చోటు కోసం చుట్టూ చూసింది. పిల్లలెవరూ జరగలేదు. నేనే జరిగాను.

ఆమె పేరు ఆ కాగితంలో నా చేత్తోనే రాశాను. ఆ ఏడాది పరీక్ష పాసైంది.

ఇప్పటి పిల్లలకు కుర్చీ అంటే కుర్చీయే, గోడ మీది కాగితం ఎటు చూపితే అటు వెళతారు. ఎవరి తాత ఎవరి ముందు నిలబడ్డాడో ఆ గళ్ళకు తెలియదు. అది మంచిదే అనుకుంటాను, అనుకున్నా లోపల ఏదో ఒకటి కుదుటపడదు. చోటు కోసం పిల్లలు పడిన ఆ తగాదా, నా మాట చెల్లదేమోనన్న ఆ భయం లేకపోతే, ఆ వాకిట్లో కూర్చునేవాణ్ణి కానేమో.

నాకు బదిలీ అయిన ఏడాది మా తమ్ముడు గడి దర్వాజాలు, దూలాలు పాత కలప కొనేవారికి అమ్మాడు. బడి నుంచి ఆ బల్లను కూడా తెప్పించి అదే బండిలో ఎక్కించాడు.